చుక్కలు కాదు, మెడ చూడు

పొద్దున్న తొమ్మిదింటికి చీఫ్ టేబుల్ మీద గాజు సీసా పెట్టాడు. లోపల మూడు వందల శవాలు. అందరివీ నల్ల చుక్కల ఎర్ర చొక్కాలే.

"అక్షింతల పురుగులు. పైరుకి పట్టే పేనుబంకని తినే మన సొంత సైన్యం," అన్నాడు.

"చంపిందెవరు?" అంది ఏజెంట్ చీమ. ఇంట్లోవాళ్ల లెక్కలో ఆవిడ ఇన్సూరెన్స్ ఆఫీసు గుమాస్తా.

"దాయాదులే. విదేశీ రకం. మనవాటి గుడ్లూ పిల్లలూ తినేస్తాయి. ఒంట్లో ఒక రోగం మోసుకు తిరుగుతాయి. వాటికి తుమ్మైనా రాదు, మనవి చస్తాయి. వీటిని దింపుతున్న ముఠా ఒకటుంది. మనవి అంతరిస్తే ఏటా ఆ ముఠా దగ్గరే పురుగుల్ని కొనాలి. పదకొండింటికి ఒక గ్రీన్‌హౌస్‌లో కానుక పేరుతో పెట్టె తెరిపిస్తున్నారు."

"ఏ గ్రీన్‌హౌస్?"

చీఫ్ చూపు దించుకున్నాడు. "మీ అక్కయ్యది."

అక్క పన్నెండేళ్లుగా అక్కడ ఒక స్వదేశీ రకాన్ని పెంచుతోంది. బయట ఇంకెక్కడా మిగలని రకం.

"మందు కొట్టిస్తే?"

"అక్కయ్య పురుగులూ పోతాయి. పెట్టె తెరవకుండా ఆపాలి. లోపల మన మనిషి ముత్యం ఉంది."

పది యాభై. క్యాంటీన్ ఆయా వేషంలో, టీ ట్రేతో చీమ లోపలికి వెళ్లింది. ట్రే అడుగున భూతద్దం కెమెరా. ఎదురుగా ముత్యం, హైహీల్స్‌తో, పత్రిక అట్టమీద నుంచి దిగొచ్చినట్టు.

"మొక్కలకి చీడ పట్టిందా?" అంది చీమ.

"ఆకు తిరగేసి చూడండి." కోడ్ సరిపోయింది. ముత్యం గొంతు తగ్గించింది. "కంగారు పడకు. పెట్టె మార్చేశా. ఏడేసి చుక్కలు. అన్నీ మనవే."

చీమ టీ అందిస్తూ ట్రేని పెట్టె జాలీ మీదుగా పోనిచ్చింది. వాచీ స్క్రీన్ మీద బొమ్మ పడింది. చుక్కలు ఏడే. కానీ అక్క వందసార్లు చెప్పిన పాఠం ఒకటుంది: "చుక్కల్ని నమ్మకే. విదేశీది ఎన్ని కావాలంటే అన్ని వేసుకుంటుంది. మెడ చూడు."

మెడ మీద తెల్ల పట్టీ. దాని మీద నల్లటి 'M', విదేశీ రకం ముద్ర.

ముత్యం ముఠా మనిషి!

కొత్త పురుగుల్ని వారంపాటు విడిగా ఉంచాలన్నది అక్క నియమం. పెద్దలొచ్చారని డైరెక్టర్ ఇవాళ దాన్ని ఎత్తేశాడు. అక్క చెయ్యి అప్పటికే మూత మీదుంది. గడియారంలో పదకొండుకి మూడు సెకన్లు.

"అక్కా, తీయకు!"

"నువ్వా? ఈ అవతారమేంటే?"

"మెడ చూశావా?"

"చూడనిస్తేగా ఈయన!" డైరెక్టర్ వైపు ఉరిమి చూసి, అక్క జాలీలోంచి మెడలు చూసింది, మూత మీంచి చెయ్యి తీసేసింది.

చీమ పెట్టె లాక్కుని క్యాంటీన్ ఫ్రీజర్‌లో పడేసింది. చలికి శత్రుసైన్యం గుర్రుపెట్టింది. పారిపోతున్న ముత్యం హీల్ మురుగు జాలీలో ఇరుక్కుంది.

అందరూ చప్పట్లు కొట్టారు. అక్క మాత్రం కొట్టలేదు. పెట్టె పెట్టిన బల్ల పక్కనున్న మొక్కకి ఒక ఆకు తిరగేసింది. దాని కింద స్వదేశీ గుడ్ల గుత్తి, సగం ఖాళీ. మిగతా సగం మీద ఒక పురుగు తాపీగా భోంచేస్తోంది. మెడ మీద 'M'. అప్పుడు గుర్తొచ్చింది చీమకి, వాచీ బొమ్మలో పెట్టె జాలీ మూల కనబడ్డ గుండీ పట్టేంత చిరుగు.

"ఒక్కటేనా అక్కా?"

"దీన్ని అడుగు."

ఫోన్ మోగింది. "మిషన్ సక్సెసేనా?" అన్నాడు చీఫ్.

చీమ గ్రీన్‌హౌస్ ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది.

"ఆకులన్నీ తిరగేశాక చెప్తా సార్. ఒకటి అయింది."