తెల్ల మందు, పచ్చ మందు

అబెలినో పోయి వారం తిరగకముందే అతని కూతురు ఒఫీలియా డిటెక్టివ్ లుసేరో ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. కిటికీ దగ్గరే నిలబడి, వీధిలోకి చూస్తూ మాట్లాడింది.

"మా నాన్న ఎలా పోయాడో మీరు తేల్చాలి, లుసేరో గారూ. తొందరగా తేల్చాలి. లేకపోతే మా తమ్ముడు రామీరో మా బాబాయ్‌ని కాల్చేస్తాడు. తుపాకీ బండిలో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇంట్లో ఒక చావు చాలండి."

ఆర్సేనియో లుసేరో న్యూమెక్సికోలోని మా లోయంతటికీ ఒక్కడే ప్రైవేట్ డిటెక్టివ్. మాట తక్కువ, చూపు ఎక్కువ. అతని సహాయకురాలు కోరా రిటైరైన టీచరు. ఆయన తుమ్మినా అందులో ఏదో సూక్ష్మం ఉంటుందని నమ్మే మనిషి. ఆమే ఒఫీలియాను భుజం పట్టి కూర్చోబెట్టి, చేతిలో కాఫీ కప్పు పెట్టింది.

సంగతి ఇది. జూన్ ఎండలో అబెలినో పొలానికి నీళ్ళు వదలడానికి కాలువ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాడు. తూము దగ్గర రెండు టైర్లలోనూ గాలి పోయింది. సైకిలు అక్కడే వదిలి నడక మొదలుపెట్టాడు. తమ్ముడు సిప్రియానో ఇంటికి వెళ్ళే బాటలో శవమై దొరికాడు. వడదెబ్బ, బలహీనమైన గుండె అని డాక్టరు తేల్చాడు.

"మరి మీ తమ్ముడి అనుమానం దేనికి?" అన్నాడు లుసేరో.

"నాన్న సైకిలు పంక్చరవదండి. ట్యూబుల్లో ఎప్పుడూ పచ్చ మందు ఉండేది. ఆ ధీమాతో పంపు కూడా వెంట తీసుకెళ్ళేవాడు కాదు. బాబాయ్‌తో తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు, నీళ్ళ వంతు దగ్గర గొడవ. ఆయనే టైర్లు పాడు చేశాడంటాడు రామీరో."

మా లోయలో పల్లేరు కాయ తొక్కని చక్రం లేదు. ఇక్కడ సైకిలు కొన్నవాడు బెల్లు బిగించడం మరిచినా, ట్యూబులో సీలెంటు పోయడం మరవడు. మేం దాన్ని మందు అంటాం. ముల్లు దిగగానే చక్రం తిరిగే ఊపుకి లోపలి మందు ఆ రంధ్రంలోకి చేరి గడ్డకడుతుంది, గాలి ఆగుతుంది. అందులో పచ్చది, తెల్లది అని రెండు రకాలు. ఎవరి రకం వారిదే, ఒకరిది ఒకరు ముట్టుకోరు. చర్చి మారినవాణ్ణయినా క్షమిస్తారు గాని మందు మార్చినవాణ్ణి నలుగురూ వింతగా చూస్తారు.

సైకిలు షెడ్డులో ఉంది. దాని పక్కన రామీరో కాపలా కాస్తున్నట్టు నిలబడ్డాడు. తండ్రి టోపీ పెట్టుకున్నాడు, అది అతనికి కాస్త పెద్దది.

లుసేరో రెండు టైర్లూ వేలితో తడిమి చూశాడు. "ఇవన్నీ పల్లేరు ముళ్ళే. కత్తి గాటు ఒక్కటీ లేదు."

"అయితే లోపలి మందు తీసేసుంటాడు, ముసలి నక్క," అన్నాడు రామీరో.

లుసేరో కత్తెర అడిగి తీసుకుని ట్యూబు కోశాడు. లోపలినుంచి పలచటి నీళ్ళు, వాటి వెంట పచ్చగా, తెల్లగా ముద్దలు ముద్దలుగా ఏదో జారింది, అచ్చం విరిగిన పాలలా. ట్యూబు నిండా అదే. రెండో ట్యూబులోనూ అంతే.

"ఇదేమిటి సార్?" అంది కోరా.

లుసేరో రామీరో వైపు తిరిగాడు. "మీ నాన్నకి దెబ్బలేమైనా తగిలాయా?"

"లేవు. వేళ్ళకి తెల్లటి జిగురేదో అంటుకుని ఎండిపోయుంది. స్నానం చేయించేటప్పుడు నేనే గోకి తీశాను." రామీరో తండ్రి టోపీ సర్దుకున్నాడు. "ఒకటి చెప్పండి. తూము దగ్గర్నించి మా ఇల్లే దగ్గర. బాబాయ్ ఇల్లు రెట్టింపు దూరం. అంత ఎండలో మా నాన్న అటెందుకు నడుస్తాడు? ఎవరో పిలిస్తేనో, లాక్కెళితేనో తప్ప?"

"మంచి ప్రశ్న," అన్నాడు లుసేరో. "ఈ వసంతంలో ఆయన మందు పోసుకున్నాడా?"

ఒఫీలియా తల అడ్డంగా ఊపింది. "చేతులు వణికేవండి. మందు పోయడానికి వాల్వు పిన్ను తిప్పి తీయలేకపోయేవాడు. నన్నడగడం నామోషీ. ఆదివారం చర్చికి కూడా మెత్తబడ్డ టైర్లతోనే వెళ్ళేవాడు."

సిప్రియానో వంటగదిలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కిటికీ, కిటికీలోంచి బాట మొత్తం కనిపిస్తోంది. అలమరలో తెల్ల మందు సీసా ఒకటి అడుగంటి ఉంది.

"మీ అన్నయ్య సైకిలు మీద ఎప్పుడైనా చెయ్యి వేశారా?" అన్నాడు లుసేరో.

"వాడి సైకిలుతో నాకేం పని?"

"ఆ రోజు ఇంట్లోనే ఉన్నారా?"

"ఉన్నాను. ఎవర్నీ చూళ్ళేదు."

ఎవర్నైనా చూశారా అని లుసేరో ఇంకా అడగనే లేదు. కోరా ఆ మాట పట్టుకుంది.

చివరికి చర్చి దగ్గర ఆగారు. మట్టి గోడకు అబెలినో ప్రతి ఆదివారం సైకిలు ఆనించే చోటు ఒఫీలియా చూపించింది. అక్కడ నేల మీద రెండు తెల్లటి చుక్కలు ఎండి, రబ్బరులా సాగుతున్నాయి.

"దొరికాడు సార్, దొంగ," అంది కోరా.

"దొంగైతే బాగుండేది కోరా గారూ," అన్నాడు లుసేరో.

మధ్యాహ్నం అందరినీ ఒఫీలియా వంటగదిలో కూర్చోబెట్టాడు. పొయ్యి మీద బీన్స్ ఉడుకుతున్నాయి గాని ఎవరికీ ఆకలి లేదు. సిప్రియానో టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. రామీరో గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"టైర్లు పాడవడానికి కారణం మీ బాబాయే," అన్నాడు లుసేరో.

రామీరో ఒక అడుగు ముందుకు వేశాడు. ఒఫీలియా అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పూర్తిగా విను. గాలి తీయాలనుకున్నవాడు పిన్ను తిప్పి పోతాడు, క్షణం పని. మీ నాన్న ట్యూబులు ఖాళీగా లేవు, నిండుగా ఉన్నాయి. పగబట్టినవాడెవడైనా తన సీసా మందు తెచ్చి శత్రువు టైర్లలో పోస్తాడా? అన్నయ్య టైర్లు మెత్తబడటం ఈయన ఆదివారాల్లో గమనించాడు. లోపల పూజ జరుగుతుండగా బయటికొచ్చి, తన తెల్ల మందు వాటిలో పోసి, గాలి కొట్టాడు. చుక్కలు అక్కడే పడ్డాయి. కానీ లోపల పాత పచ్చ మందు ఇంకా కొంత మిగిలుంది. ఆ రెండూ కలిస్తే విరిగిపోతాయి. ముద్దలు ఒక పక్క, నీళ్ళు ఒక పక్క. అది ఇక ఏ రంధ్రాన్నీ మూయదు. మన లోయలో ఎవరూ ఒకరి మందు ఒకరు ముట్టుకోరు కాబట్టి, ఆ సంగతి ఎవరికీ తెలిసే అవకాశం లేకపోయింది."

సిప్రియానో ఒళ్ళోని టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"అవునా బాబాయ్?" అంది ఒఫీలియా.

"మంచే జరుగుతుందనుకున్నానే తల్లీ," అన్నాడు చివరికి. "ఎదురుపడి అడిగితే వాడు వద్దంటాడు. వాడి సంగతి నీకు తెలీదూ?"

"మరి నాన్న అటెందుకు నడిచాడు?" అన్నాడు రామీరో. గొంతులో కోపం సగం చచ్చింది.

"గాలెందుకు పోయిందో చూడ్డానికి వాల్వు నొక్కాడు. వేళ్ళ మీదికి తెల్ల మందు చిమ్మింది. తాను ఎన్నడూ వాడని మందు, మీ కుటుంబంలో తమ్ముడొక్కడే వాడేది. అది పోసిందెవరో ఆయనకి తెలియకుండా ఉంటుందా? ఇల్లు దగ్గరే ఉంది, వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. తొమ్మిదేళ్ళ తర్వాత తమ్ముడి ఇంటికి బయల్దేరాడు."

కోరా కళ్ళు తుడుచుకుంది. అంతటితో కథ తేలిపోయిందనే లుసేరో కూడా అనుకున్నాడు. అప్పుడు సిప్రియానో మాట్లాడాడు.

"నేను చూశాను."

లుసేరో అతని వైపు తిరిగాడు.

"వాడు రావడం కిటికీలోంచి చూశాను. తూలుతూ వస్తున్నాడు. తాగి, మళ్ళీ గొడవకే వస్తున్నాడనుకున్నా. తలుపు గడియ పెట్టుకుని లోపలి గదిలో కూర్చున్నా. పిలుస్తాడేమో, తిడతాడేమో అని చాలాసేపు చెవులు రిక్కించుకునే ఉన్నా. పిలవలేదు." రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "తలుపు తీసుంటే బతికుండేవాడు. నన్ను కాల్చెయ్యరా రామీరో. నేనేమీ అనుకోను."

రామీరో అక్క చెయ్యి విడిపించుకుని బయటికి నడిచాడు. బండి తలుపు తెరిచిన చప్పుడు వినబడింది. ఒఫీలియా లేవబోయేలోపే లుసేరో లేచి గుమ్మంలో నిలబడ్డాడు.

రామీరో తుపాకీతోనే తిరిగొచ్చాడు. గుండ్లు తీసేసి, దాన్ని లుసేరో చేతికిచ్చాడు. తర్వాత వంగి బాబాయ్ మోచెయ్యి పట్టుకున్నాడు.

"లే బాబాయ్, ఎండ మండిపోతోంది. నడిచెళ్ళొద్దు, నేను దింపొస్తాను."