గోధుమలో పోయిన మీట

ప్రొఫెసర్ పేయిచేవ్ మజ్జిగ గ్లాసు సగం ఖాళీ చేసి బల్ల మీదికి ఒరిగిపోయాడు. డోబ్రిచ్ రైల్వే స్టేషన్ ఎదుట, బానిత్స అనే జున్ను రొట్టెలమ్మే దుకాణంలో అప్పటికి ఉదయం పది. ఆయన్ను కలవడానికి వచ్చిన ఏజెంట్ కలోయాన్ డ్రెన్కోవ్‌కు చివరి మాటలే దక్కాయి.

"విత్తనాల్లో జన్యువు అలాగే ఉంది... మీట కోసేశారు."

డ్రెన్కోవ్ వెంటనే తన పై అధికారి కల్నల్‌కు ఫోన్ చేశాడు.

"పన్నెండు పదికి ఆ గోధుమ విత్తనాల రైలు కదులుతుంది," అన్నాడు కల్నల్. "రేపట్నుంచి దేశమంతా విత్తుతారు. జన్యువులన్నీ సరిగ్గా ఉన్నాయని ల్యాబ్ రిపోర్టు చెబుతోంది. రుజువు లేందే ఆపలేను."

"ప్రొఫెసర్ శవం రుజువు కాదా సార్?"

"గుండెపోటంటారు. రుజువు పట్రా!"

గోధుమకు గింజల వెన్ను తీయించే జన్యువు ఉన్నంత మాత్రాన వెన్ను రాదు. దాని పక్కనుండే చిన్న డిఎన్ఏ ముక్కే మీట. చలి గడిచాక జన్యువును లేపేది అదే. ఒక విదేశీ ముఠా ఆ ముక్కనే మాయం చేసింది. పైరు పచ్చగా పెరుగుతుంది, గింజ మాత్రం పట్టదు.

మెకానిక్ వేషంలో డ్రెన్కోవ్ ఆ రైలు చివరి వ్యాగన్‌లో దూరి గింజలు తీశాడు. అతని ఫ్లాస్కులో ఉన్నది కాఫీ కాదు, డిఎన్ఏ చదివే యంత్రం. తెర మీద అక్షరాలు బారులు తీరాయి. పోయిందేదో తెలిస్తేగా! పోల్చి చూడ్డానికి కావలసిన అసలు గోధుమ డిఎన్ఏ ఫైలును ఎవరో చెరిపేశారు.

"చేతులు పైకెత్తు."

వ్యాగన్ తలుపు బయట ఎర్ర కోటు, చేతిలో పిస్తోలు. సెవెరీనా! ప్రొఫెసర్ శిష్యురాలు.

"ఫైలు చెరిపింది నేనే," అందామె. "ఆయన్ను కలవమని మీకు కబురు పంపిందీ నేనే. ఆయన్ని చంపుతారని మాత్రం ముఠావాళ్లు నాకు చెప్పలేదు." పిస్తోలు దించింది.

"అయితే ఆ అక్షరాలు చెప్పు!"

"రెండొందల అక్షరాలు ఎవరికి నోటికొస్తాయయ్యా?" వంగి పట్టాల మధ్య నుంచి రెండు రకాల గడ్డి పీకింది. "ఇవి గోధుమకు చుట్టాలు. కోట్ల ఏళ్లలో చుట్టూ ఉన్నదంతా మారినా మీట మారలేదు. ఈ రెండింట్లో ఎక్కడ కలుస్తుందో చూడు."

"నిన్నెలా నమ్మను?"

"నమ్మొద్దు. గడ్డినే అడుగు."

పదకొండున్నర. రెండూ చదవడానికి ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. ఒక్కో నిమిషం అతని గుండె మీద అడుగేసి నడిచింది. రెండు వరసలూ ఎక్కడికక్కడ వేరుగా పోయి, ఒక్కచోట అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. గోధుమలో సరిగ్గా అక్కడే ఖాళీ!

తెర ఫొటో కల్నల్‌కు వెళ్లింది. జవాబు లేదు. పన్నెండు పది. రైలు కదిలింది.

డ్రెన్కోవ్ వ్యాగన్‌లోంచి దూకి, చేతులూపుతూ పట్టాల వెంట పరిగెత్తాడు. కూతలో అతని కేక కలిసిపోయింది. వెనక్కి చూస్తే సెవెరీనా పిస్తోలు గురిపెట్టి ఉంది. తన పని అయిపోయిందనుకున్నాడు.

ఢాం!

గుండు అతని పక్కనుంచి దూసుకెళ్లి, రెండు వ్యాగన్ల నడుమ వేలాడే బ్రేకు గొట్టాన్ని చీల్చింది. గాలి బుస్సుమంది. చక్రాలు కీచుమని అరిచి ఆగిపోయాయి.

"ఎవడ్రా నా రైలును కాల్చింది?" డ్రైవరు తల బయటపెట్టి తిట్లందుకున్నాడు.

సెవెరీనా పిస్తోలు నేల మీద పెట్టి, బేడీల కోసం చేతులు చాపింది. అప్పుడు మోగింది ఫోన్.

"డ్రెన్కోవ్! బాగా ఆలోచించాను," అన్నాడు కల్నల్. "రైలు ఆపడానికి అనుమతి ఇస్తున్నాను."