వెనక్కి లాగే వేగం

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఆ దుప్పటి కాళ్ల మీదికి లాక్కో. వాన ఇప్పట్లో వదిలేలా లేదు. గీతలమ్మాయి కథ చెబుతాను. మధ్యలో నిద్రపోయావో, ఊరుకునేది లేదు.

గీతలమ్మాయి ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసేది. పగలంతా కంప్యూటర్లో గీతలు గీయడమే పని, అందుకే ఆఫీసులో ఆ పేరు పడింది. ఏం గీతలంటావా? ఒక ఏడాదికి అప్పిస్తే ఇంత వడ్డీ, ఐదేళ్లకిస్తే ఇంత, ఇరవై ఏళ్లకిస్తే ఇంత అని చుక్కలు పెట్టి కలిపితే ఒక గీత వస్తుంది. అది ఇవాళ్టి గీత. రేపటి గీత ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. అందుకని ఆ పిల్ల ఇవాళ్టి వడ్డీని పట్టుకుని, నెలనెలా కాస్త అటూ ఇటూ కుదుపుతూ, రాబోయే కాలాన్ని వేల రకాలుగా కంప్యూటర్ చేత గీయించేది. ఆ కుదిపే లెక్కకే మోడల్ అని పేరు. అందులో తాడు లాంటిది ఒకటుంటుంది. వడ్డీ ఎంత పైకెగిరినా, ఎంత కిందికి జారినా, మెల్లగా దాని మామూలు చోటికి లాక్కొస్తుంది. ఆ తాడు సంగతి మర్చిపోకు, దానితో పనుంది.

రాసిన మనిషే బాగుందంటే చెల్లదు కదా! మోడల్‌ని తనిఖీ చేయడానికి బయటి కంపెనీ నుంచి ఒకబ్బాయి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎర్ర పెన్నుతో. ఇంకేం, మధ్యాహ్నానికల్లా వాడు ఎర్రపెన్ను అయిపోయాడు.

వచ్చినరోజే ఆ పిల్ల టేబుల్ ముందు నిలబడ్డాడు.

"ఏవండీ, మీ గీతలు ఇంటి కప్పు ఎగరగొట్టేలా ఉన్నాయి."

"భవిష్యత్తు కదండీ. ఎటైనా పోవచ్చు."

"పోనివ్వండి, నాకేం? కానీ అన్నిటి సగటూ తీస్తే ఇవాళ బజార్లో ఉన్న అప్పు పత్రాల ధర తిరిగి రావాలి. రావట్లేదు. ఏడాది మొత్తానికి పడాల్సిన కుదుపుని ప్రతి నెలా వేసేశారు."

పక్క టేబుళ్లవాళ్లు కిసుక్కుమన్నారు. ఆ పిల్ల ముఖం కందిపోయింది. వాదిద్దామని లెక్క తెరిచి చూసుకుంది. నిజమే!

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువైంది. బస్సు డ్రైవరైన వాళ్ల నాన్న గుమ్మంలోనే ఆగాడు.

"ఎవరి మీదమ్మా ఆ కోపం?"

"ఎవరో ఒకడొచ్చాడు నాన్నా, నాలో తప్పులు పట్టడానికి."

"పట్టాడా?"

"...పట్టాడు."

"నీ చేత ఒప్పించాడంటే మామూలోడు కాదు. నువ్వు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, నావల్ల కాలేదు."

ఆ తర్వాత రోజూ అదే తంతు. ఈ పిల్ల దిద్దడం, వాడు వంక పెట్టడం. వంక పెట్టేటప్పుడు వాడి గొంతు మెత్తబడుతుందని ఈ పిల్ల కనిపెట్టింది. తప్పు దొరకని రోజున వాడి ముఖం దిగులుగా ఉంటుందనీ కనిపెట్టింది. వాన పడితే ఒకే గొడుగులో బస్ స్టాప్ దాకా నడిచేవాళ్లు. గొడుగు మొత్తం ఈ పిల్ల వైపే వంగి ఉండేది, వాడి భుజం ముద్దగా తడిసిపోయేది.

"తడుస్తున్నారు."

"సగటు తీస్తే ఇద్దరం సగం పొడిగానే ఉన్నాం లెండి."

ఇలా సాగుతుండగా ఒకరోజు వాడు తలెత్తకుండా అన్నాడు. "ఇంకొక్కసారి సరిగ్గా వస్తే సంతకం పెట్టేస్తాను. మర్నాడే వేరే ఊరి ఆఫీసుకి వెళ్లాలి."

ఆ పిల్ల లెక్క వేసుకుంది. మోడల్ గెలిస్తే మనిషి పోతాడు. మనిషి ఉండాలంటే మోడల్ ఓడాలి. ఆ మోడల్ ఆ పిల్ల ఏడాది కష్టం మరి! మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్లి ఏం చేసిందో తెలుసా? తాడు బిగువు ఎంతో రాసే గడిలో సున్నా పెట్టి పంపేసింది.

మధ్యాహ్నం ఎర్రపెన్ను వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెరమీద వేల గీతలు. సగటు సరిగ్గానే ఉంది, కానీ ఏళ్లు గడిచేకొద్దీ గీతలు విచ్చుకుపోతూనే ఉన్నాయి, తోలేవాడు లేని మందలాగా.

"వెనక్కి లాగే వేగం సున్నా పెట్టారు."

"పొరపాటున..."

"కొత్తగా చేరినవాళ్లు కూడా చేయని పొరపాటు. మీరు అసలే చేయరు." పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టేశాడు. "ఇది రిపోర్టులో రాస్తే నేను ఇంకో నెల ఉంటాను, మీకు చెడ్డపేరు వస్తుంది. నేను రాయలేనండి. అలాగని అబద్ధానికి సంతకమూ పెట్టలేను."

ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మరి నన్నేం చేయమంటారు?"

"దిద్దేయండి. నన్ను ఉంచడానికి మీ కష్టాన్ని పాడుచేసుకోకండి. అడిగితే చాలదా?"

"అడిగితే ఉండిపోతారా?"

"ఉండలేను, ఉద్యోగం. కానీ తిరిగొస్తాను. ప్రతి ఆదివారం వస్తాను. రమ్మంటారా?"

ఆ పిల్ల సున్నా చెరిపేసి అసలు అంకె వేసింది. గీతలన్నీ బుద్ధిగా దగ్గరికి చేరాయి. తర్వాత, తెర వైపే చూస్తూ, "రండి" అంది.

వాడు సంతకం పెట్టాడు. మర్నాడే వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దుటి నుంచీ కుండపోత. రైళ్లు ఆలస్యమన్నారు. ఆ పిల్ల కిటికీ దగ్గరికీ వంటింటికీ తిరిగి తిరిగి, "ఈ వానలో ఎవరొస్తారు!" అని తనకి తనే చెప్పుకుని పీట మీద కూలబడింది. అప్పుడు తలుపు చప్పుడైంది. నాన్న వెళ్లి తీశాడు. గుమ్మంలో ఎర్రపెన్ను, నిలువునా తడిసి.

"మా అమ్మాయిలో తప్పులు పట్టేది నువ్వేనా?"

"అవునండీ. ఇక దొరకట్లేదండీ."

"అయితే నీ చూపు మందగించినట్టే. లోపలికి రా అబ్బాయ్, ముందు తల తుడుచుకో." నాన్న వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "అమ్మాయీ! తువ్వాలు పట్రా. నీ మనిషి తిరిగొచ్చాడు."

నిద్రపోలేదుగా? ఇది గుర్తుంచుకో తల్లీ. రేపు నీ పక్కన ఎవరైనా, వెళ్లినవాళ్లు వస్తారో రారో అని దిగులుగా కూర్చుంటే, ఆ తడిసిన చొక్కాతో సహా ఈ కథ చెప్పు.