రెండో పేజీలో సంతకం

2024 మార్చి 9, శనివారం ఉదయం 10:40కి పెన్సిల్వేనియాలోని స్టోనీ హాలో గన్ క్లబ్‌లో, ఏడో లేన్‌లో, రఘు చేతిలో పిస్టల్ పేలిపోయింది. ఇనుప ముక్క ఒకటి మెడలో దిగింది. 11:25కి హాస్పిటల్‌లో డాక్టర్ మరణాన్ని నమోదు చేశాడు. రఘు వయసు ముప్ఫై ఆరు. తూటాలు సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టి ఎనిమిది నెలలు.

కౌంటీ రిపోర్టు పదకొండు రోజుల్లో తయారైంది. రెండు పేజీలు. మొదటి పేజీలో కారణం ఒక్క వాక్యం: తూటాల తయారీలో కొత్తవాడి పొరపాటు. ఫైల్ మూసేశారు.

రఘు పార్సిప్పనీలో ఐటీ కన్సల్టెంట్ అని క్లబ్‌లో అందరూ అనుకునేవారు. అతను ఫెడరల్ గూఢచారి అని పద్మనాభానికి తెలుసు. రాగిణికి తెలుసు.

రాగిణి ప్లెయిన్స్‌బరోలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఎనలిస్ట్. ఆ ఉద్యోగం నిజమే. దాని వెనక మూడేళ్లుగా రఘు పంపే మెసేజ్‌లు అందుకుని పద్మనాభానికి చేరవేయడం ఆమె రెండో ఉద్యోగం. పద్మనాభం ఇద్దరికీ పైవాడు. వయసు డెబ్భై ఒకటి. 1976లో అమెరికా వచ్చి, ముప్ఫై ఏళ్లు తుపాకి మందు మీద రీసెర్చ్ చేసి, రిటైరయ్యాక గూఢచారి ఆఫీసు తరఫున ఏజెంట్లను నడుపుతున్నాడు.

ఏప్రిల్ 4న పద్మనాభం ఆమెను ఇంటికి పిలిచాడు. వంటింటి బల్ల మీద రెండు కాఫీలు పెట్టి, ఒక ఫోటో ఆమె ముందుకు తోశాడు.

"ఆపరేషన్ మజ్జిగ," అన్నాడు.

"పేరు ఎవరు పెట్టారు సార్?"

"నేనే. ఎండలు వస్తున్నాయి కదా. విను. ఒక రాడార్ కంపెనీ నుంచి డిజైన్లు బయటికి పోతున్నాయి. కొనేది విదేశీ ముఠా. గోరంత మెమరీ కార్డు. తూటాలో మందు బదులు కార్డు పెట్టి మూసేస్తారు. బాక్స్‌లో యాభై తూటాలు, నలభై తొమ్మిది అసలువి. బాక్స్ క్లబ్‌లోనే చేతులు మారుతుంది."

"ఈవిడెవరు?"

"అంకిత. రియల్ ఎస్టేట్ ఏజెంట్. క్లబ్ లీగ్‌లో రెండేళ్లుగా ఛాంపియన్. బాక్స్ తీసుకునేది ఈ పిల్లే. ఇచ్చేదెవరో తెలీదు. రఘు కనుక్కున్నట్టున్నాడు. నాకు చెప్పేలోపే పోయాడు."

"అది ఆక్సిడెంటేనా సార్?"

పద్మనాభం కాఫీ కప్పు కింద పెట్టాడు. "వాడికి తొందరెక్కువ అమ్మాయ్. నేను నేర్పింది వినలేదు. నువ్వు విను, చాలు. రేపటి నుంచి గరాజ్‌కి రా. పని చెడిందంటే ఒక్కటే మాట. పాలు విరిగాయి. ఆ మాట వినబడితే ఎక్కడి మనిషి అక్కడ ఆగిపోవాలి."

మర్నాటి నుంచి సాయంత్రాలు కంపెనీ డ్యూటీ అయ్యాక రాగిణి ఆయన గరాజ్‌లో కూర్చుంది. తూటాల ఖాళీ ఇత్తడి కేసులు, వాటిని బిగించే ప్రెస్, తూకం యంత్రం, మాన్యువల్. ఒక్కో కేసులో పోసే మందు తూకాన్ని చార్జ్ అంటారు. ఎంత పోయాలన్నది మొదటి పాఠం.

"మాన్యువల్‌లో ప్రతి పౌడర్‌కీ రెండు అంకెలుంటాయి," అన్నాడు పద్మనాభం. "స్టార్టింగ్, మాగ్జిమమ్. నువ్వు స్టార్టింగ్ దగ్గరే మొదలుపెట్టు. పది తూటాలు చెయ్యి, కాల్చు, కేసులు చూడు. బాగుంటేనే మందు తూచే కొలత గ్రెయిన్, అందులో పదో వంతు పెంచు. పక్క లేన్‌వాడు తన నోట్‌బుక్ చూపించి ఇంత పొయ్యి అంటే నవ్వి ఊరుకో. వాడి పిస్టల్ వేరు, నీ పిస్టల్ వేరు. బల్ల మీద ఒకేసారి ఒకే పౌడర్ సీసా. పైన బులెట్ గుండు బిగించే ముందు ప్రతి కేసులోనూ టార్చ్ వేసి లెవెల్ చూడు."

"ప్రతి కేసులోనా?"

"ప్రతి కేసులో. నేను చెప్పినా సరే, చూడకుండా మూసెయ్యకు."

ఆయన షెల్ఫ్ మీంచి ఒక సీసా తీశాడు. సీలు విప్పనిది.

"నీకీ పౌడరే ఎందుకిస్తున్నానంటే, దీనికి ఉబ్బెక్కువ. సరైన చార్జ్ పోస్తే కేసు ముప్పాతిక నిండుతుంది. పరధ్యానంలో రెండోసారి పోశావనుకో, పొర్లి ట్రేలో పడుతుంది. నిద్రమత్తులో ఉన్నా కనబడుతుంది."

"రఘుకీ ఇదే ఇచ్చారా?"

"కొత్తవాళ్లందరికీ ఇదే."

రాగిణి సీలు విప్పి, రెండు చెంచాల పౌడర్‌ను ఒక గాజు వయల్‌లో పోసి, తేదీ, లాట్ నంబర్ రాసి, బాగ్‌లో వేసుకుంది. పద్మనాభం ఫోన్ వచ్చి లోపలికి వెళ్లినప్పుడు జరిగిందది. దాచాలని కాదు. మందుల కంపెనీలో ఏ లాట్ తెరిచినా ముందు ఒక శాంపిల్ తీసి పక్కన పెడతారు. రేపు ఎవరైనా కంప్లైంట్ చేస్తే పోల్చి చూడ్డానికి. పదకొండేళ్ల అలవాటు.

మే నెలంతా క్లబ్‌కి వెళ్లింది. పద్మనాభం గురువుగారిలా వెంట వచ్చేవాడు. ఆమె కాలుస్తున్నంతసేపూ కుడి భుజం పక్కనే నిలబడేవాడు.

జూన్ మొదటి శనివారం లాకర్ల దగ్గర అంకిత పలకరించింది. ఎర్ర జాకెట్, చెవులకు పగడాలు. వయసు ఇరవై తొమ్మిది. అమెరికాలోనే, ఎడిసన్‌లో పుట్టింది.

"ఆంటీ, మీ బులెట్స్ ఎవరు చేస్తారు?"

"ఆంటీ అనకు. నేనే చేస్తాను."

"సరే. పౌడర్ ఎవరు కొంటారు?"

"ఎందుకు, నీకు కావాలా?"

"నాకొద్దు." అంకిత లాకర్ మూసింది. "రఘు రిపోర్ట్ రీడ్ చేశారా? సెకండ్ పేజ్?"

 రఘు రిపోర్టు గురించి ఈ పిల్లకేం తెలుసు? ఆ సంగతి రాగిణి పద్మనాభానికి చెప్పింది. ఆయన నవ్వాడు. "నిన్ను కెలుకుతోంది. పడకు. ఆ రిపోర్టు నేను చదివాను, ఏమీ లేదు." అయినా మొదటి పేజీ చూసి సంతకం పెట్టే అలవాటు ఆమెకు లేదు. కౌంటీ వెబ్‌సైట్‌లో కాపీ కోసం అప్లై చేసింది.

జూన్ 14, శుక్రవారం సాయంత్రం అయిదింటికి గరాజ్‌లో పద్మనాభం చెప్పాడు. "రేపు లీగ్ ఫైనల్. బాక్స్ రేపే చేతులు మారుతుందని సమాచారం. ఏడో లేన్ నీది. పది ముప్ఫైకి మొదలుపెట్టు. యాభై చేసుకో."

రాగిణి యాభై కేసుల్లో చార్జ్ పోసి టార్చ్ తీసింది. మొదటి కేసులో మందు సగానికి కిందే ఉంది. రెండోదీ అంతే. యాభైలోనూ అంతే. ఒక కేసు ఖాళీ చేసి మళ్లీ తూచింది. తూకం సరిగ్గా ఉంది. తూకం యంత్రం మీదే అనుమానం వచ్చి తన దగ్గరున్న చెక్ వెయిట్, కచ్చితమైన బరువున్న రాయి, పెట్టి చూసింది. యంత్రమూ సరిగ్గానే ఉంది.

తూకం అదే. లెవెల్ వేరు. అయితే పౌడర్ వేరు.

"ఏంటి, ఆగావు?" కాఫీతో వచ్చాడు పద్మనాభం.

"లెక్క తప్పాను సార్. మళ్లీ లెక్కపెడుతున్నాను."

"మెల్లిగా కానీ."

ఆమె యాభై తూటాలూ పూర్తి చేసింది. కాఫీ తాగింది. సీసా అడుగునున్న చిటికెడు పౌడర్ కాగితంలో మడిచి తెచ్చుకుంది.

ఇంటికొచ్చి వయల్ పక్కన ఆ చిటికెడు పోసి భూతద్దం పెట్టింది. ఏప్రిల్‌లో సీసాలో ఉన్నది చిన్న చిన్న బిళ్లలు. ఇప్పుడున్నది ఆవగింజలో పదో వంతు గుండ్లు. త్వరగా మండే ఇలాంటి మందు అదే తూకం పోస్తే పిస్టల్‌నే పేల్చేస్తుంది. సీసా అదే, లేబుల్ అదే. మందు మార్చింది అంకితే అయితే, గరాజ్‌లోకి ఎలా వచ్చింది? తాళంచెవి సార్ దగ్గరే ఉంటుందే. ఆయనకు చెప్పాలని ఫోన్ తీసింది. నంబర్ నొక్కబోతుంటే కౌంటీ నుంచి మధ్యాహ్నం వచ్చిన మెయిల్ కనబడింది. తెరిచింది.

రెండో పేజీ, మూడో పేరా: "సదరు తూటాలో చార్జ్ పొరపాటున రెండుసార్లు పోసినట్టు సాంకేతిక నిపుణుడి అభిప్రాయం. పౌడర్ రకం: సీసా లేబుల్ ప్రకారం." ఆ లేబుల్ పేరు తన సీసా మీదున్నదే.

రాగిణి ఒక ఖాళీ కేసును పళ్లెంలో నిలబెట్టింది. వయల్‌లోంచి ఒక చార్జ్ తూచి పోసింది. ముప్పాతిక నిండింది. రెండోది పోసింది. పొర్లి పళ్లెంలో పడింది.

పేజీ చివర నిపుణుడి సంతకం ఉంది. పద్మనాభం.

ఆమె పళ్లెం పక్కకు జరిపింది. తర్వాత వాషింగ్టన్‌లో ఆఫీసు అంతర్గత విచారణ విభాగానికి ఫోన్ చేసింది. విద్య అనే ఆఫీసర్ ఎత్తింది. అంతా విని ఆశ్చర్యపోలేదు.

"ఆ యాభై తూటాలు సీల్ చేసి మా మనిషికి ఇవ్వు. అదే డబ్బాలో ఫ్యాక్టరీ తూటాలు వేసుకుని రేపు వెళ్లు. బాక్స్ చేతులు మారేదాకా ఆయన నిన్ను నమ్మాలి. కాల్చేటప్పుడు చెవులకు పెట్టుకునే నీ ఇయర్‌మఫ్స్‌లో మైక్ పెడతాం."

"ఆయనకు అనుమానం వస్తే?"

"రానివ్వకు."

జూన్ 15, ఉదయం 10:30. రాగిణి ఏడో లేన్‌లో నిలబడింది. పద్మనాభం కుడి భుజం పక్కకు రాలేదు. పదో లేన్ వెనక సిమెంట్ స్తంభం దగ్గర ఆగాడు. చేతిలో తూటాల బాక్స్. రెండడుగుల దూరంలో ఎర్ర జాకెట్, బెంచీ మీద జిప్ తెరిచిన బాగ్.

"సార్, మొదటి తూటా మీరు కాల్చండి," అంది రాగిణి. "గురుదక్షిణ అనుకోండి."

"భుజం నొప్పి అమ్మాయ్. నువ్వు కానీ."

"అయితే పక్కన నిలబడండి. రోజూ నిలబడే చోటే."

"ఇక్కడి నుంచి బాగా కనబడుతోంది. కానివ్వు, టైమవుతోంది."

ఆమె ముందుకు తిరిగింది. ట్రిగ్గర్ నొక్కింది.

మోత వినబడగానే పద్మనాభం చెయ్యి కదిలింది. బాక్స్ అంకిత బాగ్‌లో పడింది. పిస్టల్ పేలితే అందరి కళ్లూ ఏడో లేన్ మీదే ఉంటాయని ఆయన లెక్క. ఆ తర్వాతే ఆయన ఏడో లేన్ వైపు చూశాడు. రాగిణి నిలబడే ఉంది. పిస్టల్ బల్ల మీద పెడుతోంది.

"పాలు విరిగాయి," అంది గట్టిగా, మైక్‌లోకీ ఆయనకీ వినబడేలా.

పద్మనాభం ఎక్కడి మనిషి అక్కడే ఆగిపోయాడు. ఎనిమిదో లేన్‌లో, పదకొండో లేన్‌లో కాలుస్తున్నట్టు నిలబడ్డ విద్య మనుషులు వచ్చి ఆయన చేతులు పట్టుకున్నారు.

రాగిణి దగ్గరికి వెళ్లింది. "ఎందుకు సార్?"

 "లెవెల్ చూశావా?" అన్నాడు.

"చూశాను."

"నేనే చెప్పాను చూడమని."

"రఘుకీ చెప్పారా?"

"చెప్పాను. వాడు నన్ను నమ్మాడు."

ఆయన్ను తీసుకెళ్లారు.

క్లబ్ ఆఫీసు గదిలో విద్య ఆ బాక్స్‌లోని యాభై తూటాలనూ తూచింది. నలభై తొమ్మిది దాదాపు ఒకే తూకం. ఒకటి తేలిగ్గా ఉంది. అందులో కార్డు ఉంది. సాయంత్రం ఆ కార్డు న్యూఆర్క్‌లో విమానం ఎక్కాల్సి ఉంది. బాగ్‌ను తనే తెచ్చి బల్ల మీద పెట్టిన అంకిత గోడకి ఆనుకుని నిలబడింది.

"ఇది మీ మనిషా?" అడిగింది రాగిణి.

"రెండు వైపులా పని చేస్తోంది," అంది విద్య. "రఘు పోయాక తనే మా దగ్గరికి వచ్చింది. బాక్స్ ఇచ్చేది పద్మనాభం అని చెప్పింది. చెప్తే చాలదు కదా. ప్రూఫ్ కావాలి."

"ఎప్పుడొచ్చింది?"

"ఏప్రిల్‌లో."

"ఏప్రిల్ ఎన్నో తారీఖు?"

విద్య ఫైల్ చూసింది. "ఒకటి."

"నన్ను ఆయన పిలిచింది నాలుగున."

"తెలుసు. ఆయన మళ్లీ అదే పని చేస్తే తప్ప దొరకడు, రాగిణీ. అంకిత చేత నీకు హింట్ ఇప్పించాం కదా."

"హింట్," అంది రాగిణి.

"సారీ ఆంటీ," అంది అంకిత.

"ఆంటీ అనకు."

రాగిణి ఇయర్‌మఫ్స్ తీసి బల్ల మీద పెట్టి, కారు దగ్గరికి నడిచింది.

జూన్ 17న ఆమె గూఢచారి ఆఫీసుకు రాజీనామా పంపింది. మందుల కంపెనీలో మామూలుగా డ్యూటీకి వెళ్లింది. జూలై 2న కౌంటీ రికార్డులో రఘు మరణం ఎదురుగా "ప్రమాదం" కొట్టేసి "హత్య" అని రాశారు. మొదటి పేజీ మార్చారు. రెండో పేజీ మార్చలేదు. దాని చివర నిపుణుడి సంతకం అలాగే ఉంది.