పుత్తూరు దాకా వచ్చిన స్కాన్

ఆ ఏడు తిరుపతి ఆసుపత్రిలో డాక్టర్లందరికీ అరచేతిలో ఇమిడే వైర్‌లెస్ యంత్రాలిచ్చారు. అర్జెంటు స్కాన్ ఉంటే బొమ్మతో సహా అందులోకి వచ్చి పడుతుంది. మెదడు సర్జన్ నరేంద్రకు మాత్రం బొమ్మతో పాటు చీవాట్లూ వచ్చేవి.

"రిపోర్టు పంపి అరగంటయింది. పేషెంటును చూశారా, టీ తాగుతున్నారా?" కింద గోదాదేవి, రేడియాలజీ అని ఉండేది.

పేరు చూసి, రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దావిడ అనుకున్నాడు. "తప్పయిపోయింది అమ్మా" అని వినయంగా జవాబిచ్చేవాడు.

ఒక సెలవు రోజు ఆవిడే ఫోన్ చేసింది. ఏడుస్తూ మాట్లాడుతోంది. అది పెద్దావిడ గొంతు కాదు.

"మా నాయన మెట్ల మీద జారి పడినాడు. తలకు స్కాన్ తీసినాం. రిపోర్టు వచ్చేలోపే విరిగిన చెయ్యికి కట్టు కట్టించుకుంటానని పుత్తూరు పోయినాడు. తలలో రక్తం గడ్డకట్టుండాది. బొమ్మ పంపినాను. ఆయనకు ఫోన్ కూడా లేదు."

"నేను వడమాలపేటలో మా అక్కింట్లో ఉండాను, పుత్తూరు పక్కనే. మీరు థియేటర్ సిద్ధం చేయించండి. నాయన్ని నేను తెస్తా" అన్నాడు నరేంద్ర.

పుత్తూరులో గోదాదేవి తండ్రి శఠగోపం చేతికి తువ్వాలు చుట్టుకుని కట్టు కోసం వరసలో కూర్చున్నాడు. నరేంద్ర యంత్రాన్ని ఆయన ముందు పెట్టాడు.

"స్వామీ, ఇది మీ తల."

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "ఇదేందప్పా, నామం పక్కకు జరిగినట్టుండాది."

"అది రక్తం స్వామీ. చెయ్యి రేపైనా అతుక్కుంటుంది. ఇది ఆగదు."

"నేను రానప్పా. నా ముందర ఇంక ఇద్దరే ఉండారు."

"ఆడ మీ అమ్మాయి ఏడస్తా ఉండాది."

శఠగోపం ముఖం మారింది. "గోదా ఏడస్తా ఉండాదా? పదప్పా."

ఆసుపత్రి గేటు దగ్గర తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఎదురొచ్చింది. తండ్రిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, నరేంద్ర వైపు తిరిగింది.

"నన్ను అమ్మా అనేది మీరేనా?"

"పేరు చూసి మోసపోయినానండి."

"అది మా అవ్వ పేరు" అంటూ కన్నీళ్లతోనే నవ్వింది. ఆ నవ్వుకు నరేంద్ర అక్కడికక్కడే పడిపోయాడు. అయినా ముందు చేయాల్సిన పని చేశాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. శఠగోపం కోలుకున్నాడు. అవసరం లేకపోయినా నరేంద్ర ఆ వార్డుకు పదే పదే వస్తూనే ఉన్నాడు.

"నా చెయ్యి పట్టుకుని నాడి చూస్తా, కళ్లు మాత్రం మా అమ్మాయి మీద పెడతావేందప్పా?"

నరేంద్ర దాచలేదు. "మీ అమ్మాయంటే నాకిష్టం స్వామీ. మాది చంద్రగిరి, సేద్యం చేసుకునే ఇల్లు. మీరు సరేనంటేనే."

శఠగోపం కూతురి వైపు తిరిగాడు. గోదాదేవి స్కాన్ ఫిల్మును తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చూస్తోంది.

"నీకిష్టమేనామ్మా?"

ఆమె ఫిల్ము దించకుండానే తలూపింది.

"అయితే నాకేం దిగుల్లేదు" అన్నాడాయన. "రానంటే రానన్న నన్నే వదల్లేదు ఈ అబ్బాయి. వస్తానంటే నిన్ను వదుల్తాడా?"