ఒక్క స్పార్క్ మిగిలిన బ్యాటరీ

"ఒరే తాతబాబూ, బండిలో ఆ కూతేటిరా? బయలెల్లేటప్పుడు కీచుమంటే దారిలో ఏటవుద్దో ఏటో! నా గుండె దడదడలాడిపోతోంది."

"బెల్టు పాతదమ్మా. ఏం కాదు."

తాతబాబు ఇపో పట్నంలో టాక్సీ డ్రైవర్. రహస్య విభాగంలో ఏజెంట్ సెవెన్టీన్. తల్లి దాలమ్మను గుడికి తీసుకెళ్లడం వట్టి వేషం. అసలు అసైన్‌మెంట్ దారిలో తాపా అనే ఊళ్లో జూలియట్‌ను ఎక్కించుకోవడం. ఆమె డబుల్ ఏజెంట్. విదేశీ ముఠాతో తిరుగుతూనే వాళ్ల రహస్యాలు తాతబాబు విభాగానికి అమ్ముతుంది.

పట్టు గౌను, పల్చటి సెంటు. కారెక్కగానే జూలియట్ చెప్పింది.

"మెయిల్ రైలు. నాలుగింటికి వంతెన మీద బాంబు. నా సంగతి ముఠాకి తెలిసిపోయింది. వెనకే లారీలో వస్తున్నారు."

తాతబాబు యాక్సిలరేటర్ తొక్కాడు. ఆ రైల్లో చెల్లెలు అచ్చమ్మ ఉంది, చంటిబిడ్డతో.

సీటు కింద వైర్‌లెస్ సెట్ ఉంది. అది కారు బ్యాటరీ మీదే పనిచేస్తుంది. వానలో బండిని మూడో నంబర్ రబ్బరు తోటలోకి మళ్లించాడు. ముందు దారి వరద నీటిలో మునిగి ఉంది. వెనక్కి తిప్పబోతే ఇంజన్ దగ్గి ఆగిపోయింది.

బానెట్ ఎత్తాడు. డైనమో బెల్టు జిడ్డుగా మెరుస్తోంది. బెల్టు జారిపోతే డైనమో తిరగదు, బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కదు.

"అమ్మా! దీనికి నూనె ఎవరు రాసినారు?"

"నేనే. తాపాలో నువ్వు టీకి దిగినప్పుడు కొబ్బరినూనె రాసినాను. కూత ఆగింది గదా!"

టైం మూడు యాభై. దూరంగా లారీ చప్పుడు.

బ్యాటరీలో మిగిలింది ఒక్క పనికే సరిపోతుంది. హ్యాండిల్ తిప్పినా స్పార్క్‌కి కరెంటు కావాలి. మెసేజ్ పంపితే ఇంజన్ లేదు.

జూలియట్ చేతిలో చిన్న పిస్టల్ మెరిసింది. "స్టార్ట్ చెయ్. తోట వెనక దారి నాకు తెలుసు. ఇక్కడుంటే ముగ్గురం చస్తాం."

"ఓలమ్మా, అది ఇటు తిప్పకు, బురదలో కాలు జారితే పేలిపోద్ది!" దాలమ్మ వణికింది. కానీ జరగలేదు, కొడుక్కి అడ్డంగా నిలబడింది. "మా పిల్ల ఆ రైల్లో ఉంది. నువ్వూ ఒక తల్లి కన్న బిడ్డవే. ఆడిని కబురు పంపనీ తల్లీ."

పిస్టల్ మెల్లగా కిందికి దిగింది.

తాతబాబు వైర్‌లెస్ కీ నొక్కాడు. 'పాలు విరిగాయి. వంతెన. మూడో నంబర్ తోట.' పాలు విరిగాయంటే రైలు ఆపమని కోడ్.

హెడ్‌ఫోన్‌లో బుస తప్ప ఏమీ లేదు. మూడు యాభై ఆరు. లారీ తోటలోకి తిరిగింది. మూడు యాభై ఎనిమిది. మీటరు ముల్లు సున్నాకు జారుతోంది. దాలమ్మ కళ్లు మూసుకుని కూతురి పేరే గొణుగుతోంది.

అప్పుడు, సన్నగా, ఇపో నుంచి చీఫ్ నారాయణస్వామి జవాబు.

'రైలు ఆగింది. పోలీసులు మీ తోట గేటు దగ్గరే ఉన్నారు. బండి స్టార్ట్ చేసి రెడీగా ఉంచు.'