ఒట్టిమనిషి కాదు

నలభై తొమ్మిదిలో మా నూజివీట్లో ఒక సైకిల్ క్లబ్బు ఉండేది. క్లబ్బంటే బోర్డూ గదీ ఏమీ లేవు. శ్రీమన్నారాయణ గారని మామిడితోటల ఆసామి ఒకాయన ఉండేవారు. ఆయనకి సైకిలంటే పిచ్చి. ఆదివారం తెల్లారగానే మమ్మల్ని వెంటేసుకుని ఏదో ఒక ఊరి వైపు బయల్దేరేవారు. హైస్కూల్లో డ్రాయింగు మేస్టారిని నేను. డిస్పెన్సరీలో కాంపౌండరు చిన్నరాయప్ప. తాలూకా ఆఫీసు గుమాస్తా బసవపున్నారావు. మిగతావాళ్ళు వచ్చినా రాకపోయినా, మేం మాత్రం తప్పేవాళ్ళం కాదు.

ఆ ఆదివారం పున్నారావు రానన్నాడు. వాళ్ళావిడ భాగ్యవతికి నెలలు నిండుతున్నాయి. ఆ అమ్మాయి తల్లి ఇంకా ఊరి నుంచి రాలేదు. మేం వాళ్ళ గుమ్మం ముందు నిలబడి ఉంటే ఆ అమ్మాయే నవ్వుతూ బయటికొచ్చింది.

“తీసుకెళ్ళండి అన్నయ్యగారూ. గంటగంటకీ ఎలా ఉందీ ఎలా ఉందీ అని నా ప్రాణం తీస్తున్నారు. పొద్దుగూకకముందు మాత్రం ఇంటికి చేర్చండి.”

అలా బయల్దేరాం. రోహిణి కార్తె రోజులు. పొద్దున పూట చల్లగానే ఉంది. రసాల బుట్టలు వేసుకుని ఎడ్లబళ్ళు ఎదురొస్తుంటే, ఎండుగడ్డి వాసనా పండు వాసనా కలిసి దారి పొడుగునా మమ్మల్ని అంటుకునే ఉన్నాయి. తోటల్లో కోతలు జోరుగా సాగుతున్నాయి. చెట్ల మీంచి మగవాళ్ళు కేకలేస్తున్నారు, కింద ఆడవాళ్ళు నవ్వుతున్నారు. ఆగిరిపల్లి దాటేసరికి ఎండ నెత్తికెక్కింది. ఎర్రమట్టి దారి పెనంలా కాలిపోతోంది. గాలి తోలుతోంది గానీ అది పొయ్యి ముందు కూర్చుంటే తగిలే గాలి.

“ఇక తొక్కలేం. ఎక్కడో ఒకచోట దిగుదాం,” అన్నారు శ్రీమన్నారాయణ గారు.

దారి పక్కన ఓ పాత తోట కనబడింది. కంచె లేదు, కాపలా లేదు. సైకిళ్ళు లోపలికి నడిపించుకుంటూ వెళ్ళాం. పెద్ద పెద్ద చెట్లు. కొమ్మలు నేలదాకా వంగి లోపలంతా మసక చీకటిగా ఉంది. పండంతా కోయకుండా వదిలేశారు. రాలిన కాయ రాలినట్టే కుళ్ళి, పులిసిన కల్లు వాసన వేస్తోంది.

“ఇంత కాపు ఎవరు వదులుకున్నారో!” అని ఆయన ముక్కున వేలేసుకున్నారు.

పులిహోర మూటలు విప్పి తిన్నాం. అప్పుడు గమనించాను నేను. అంత పండు కుళ్ళుతోంది... ఒక్క ఈగ లేదు. పిట్ట కూత లేదు. పక్క తోటలో జనం కేకలు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు వినబడుతున్నాయి.

తిన్నాక అందరం నడుం వాల్చాం. పున్నారావు చెట్టు మొదట్లో సైకిలు పక్కనే పడుకుని వెంటనే గురక పెట్టాడు. నాకు నిద్ర పట్టలేదు. ఉన్నట్టుండి గురక ఆగింది. వాడి పెదాలు కదిలాయి.

“ఊఁ... ఎక్కడికి?” అన్నాడు నిద్రలోనే. కాసేపు ఏదో వింటున్నట్టు ఊరుకున్నాడు. “అయ్యో, అలాగా... సరే, ఎక్కు.”

రాయప్పా నేనూ పగలబడి నవ్వాం. వాణ్ణి లేపి అడిగితే ఏమీ గుర్తులేదన్నాడు. కానీ మొహం పాలిపోయి ఉంది.

ఎండ వాలాక బయల్దేరాం. తోట బయట ఓ ముసలామె చీర కొంగులో కాయలు ఏరుకుంటోంది. రాయప్పకి తెలిసిన మనిషే, వాళ్ళ చర్చికి వచ్చే సవరమ్మ. మాకేసి కళ్ళు చికిలించి చూసింది. ముందు మేం వెళ్ళాం. మమ్మల్నేమీ అనలేదు. చివర్న పున్నారావు రాగానే మాత్రం చెయ్యెత్తి ఆపింది.

“మెల్లగా తొక్కు బాబూ. గతుకుల దారి. వెనకామె ఒట్టిమనిషి కూడా కాదు.”

పున్నారావు వెనక్కి తిరిగి చూశాడు. ఖాళీ క్యారేజీ.

“సవరమ్మకి చూపు ఆనదులే, పద,” అన్నాడు రాయప్ప. అన్నాడే గానీ ఆ తర్వాత నవ్వలేదు.

కొంత దూరం పోయేసరికి పున్నారావు వెనకబడ్డాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. “బండి లాగడం లేదు రాయప్పా,” అన్నాడు. దిగి చూశాం. టైర్లలో గాలి సరిగ్గానే ఉంది. చైను బాగుంది. శ్రీమన్నారాయణ గారు దాన్ని ఎక్కి ఓ చుట్టు తిరిగొచ్చి, “ఏముందయ్యా, ఈకలా పోతోంది,” అన్నారు. సరేనని వాడికి నా సైకిలిచ్చి వాడిది నేను తీసుకున్నాను. నిజంగానే ఈకలా ఉంది. కానీ నా సైకిలెక్కి పున్నారావు మొదటి తొక్కు తొక్కగానే...

వెనక టైరు అణిగింది. నా కళ్ళముందే.

ఎవరో కూర్చున్నట్టు అణిగింది.

ఊరు చేరితే చాలనుకుంటూ తొక్కుతున్నాం. ఎండ మా వీపుల మీద పడుతోంది. నీడలు ముందుకి సాగుతున్నాయి. నేను పున్నారావు వెనకే ఉన్నాను. వాడి నీడ మొదట్లో పొట్టిగా, ముద్దగా ఉంది. దారి తిరిగేకొద్దీ, పొద్దు వాలేకొద్దీ, అది పొడుగ్గా సాగి విడివడింది. చక్రాలు. వాడి భుజాలు. వాడి తల.

దాని వెనక ఇంకో తల.

ఓ పక్కకి తిరిగి కూర్చున్న ఆడమనిషి నీడ. వాడి నడుం చుట్టూ ఒక చెయ్యి. రెండో చెయ్యి తన కడుపు మీద. ఎత్తయిన కడుపు...

పున్నారావుకీ ఆ నీడ కనబడుతూనే ఉంది, వాడి ముందే ఉందిగా. తల తిప్పకుండా, పెదాలు కదపకుండా అన్నాడు:

“మేస్టారూ... నడుం పట్టుకుంది. చల్లగా ఉంది చెయ్యి.”

“దిగమను,” అన్నాను.

“దిగమ్మా...” అన్నాడు వాడు బతిమాలుతూ. వెనక మాట విని, ఏడుపు గొంతుతో, “దిగే చోటు ఇంకా రాలేదంటోంది,” అన్నాడు.

రాయప్ప ధైర్యవంతుడు. సైకిలు పక్కకి తెచ్చి, నోట్లో ఏదో ప్రార్థన చదువుకుంటూ క్యారేజీ మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు. అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి ప్యాంటుకి తుడుచుకున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు.

“ఏంటి రాయప్పా?”

“తడి...” అన్నాడు. “పురిటి గది వాసన.”

పున్నారావుని దిగి నడవమన్నాం. దిగాడు. రెండడుగులు వేసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. “వద్దు, వద్దు, ఇంకా బరువు. తొక్కుతుంటేనే నయం,” అని మళ్ళీ ఎక్కాడు. శ్రీమన్నారాయణ గారు అంత మనిషి, వాడి హ్యాండిలు మీద చెయ్యి వేసి పక్కనే లాగుతూ వచ్చారు. ఆయన కళ్ళు మాత్రం నేల మీదకి దించలేదు.

నూజివీడు పొలిమేరలో జనం కనబడ్డారు. సోడాబండి దగ్గర ఎవరో నవ్వుతున్నారు. పిల్లలు గోళీలాడుతున్నారు. ఇక్కడైనా వదిలిపోతుందని నా ఆశ. వదల్లేదు. బజారు దాటాం, సందు తిరిగాం. ఇంకా వెలుగుండగానే పున్నారావు ఇంటి ముందు ఆగాం.

ఆగగానే టైరు పైకి లేచింది.

పున్నారావు ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాడు. నడుం తడుముకున్నాడు. “దిగింది... దిగిపోయింది మేస్టారూ!” అని నా భుజం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రాయప్ప కూడా కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే భాగ్యవతి చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మమ్మల్ని చూసి నవ్వింది. తర్వాత ఆమె చూపు మా పక్కకి మళ్ళింది. నవ్వు మారలేదు. బరువైన మనిషి, ద్వారబంధం పట్టుకుని నెమ్మదిగా ఓ పక్కకి జరిగింది.

లోపలికి వచ్చేవాళ్ళకి దారిచ్చినట్టు.

ఆ తర్వాత మేమెవరం సైకిళ్ళు బయటికి తియ్యలేదు. పున్నారావు ఆఫీసుకి వెళ్ళడం లేదని కొన్నాళ్ళకి తెలిసింది. ఓ మధ్యాహ్నం చూడ్డానికి వెళ్ళాను. అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. బుగ్గలు పీక్కుపోయాయి. నన్ను చూసి లేవలేదు. పక్కన కూర్చుంటే నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు, అంతే.

పెరట్లో ఎవరో ఆవాలు దంచుతున్నారు. ఆవకాయ రోజులు కదా. రోకటి పోటు దబ్, దబ్ అని తూకంగా పడుతోంది.

భాగ్యవతి మజ్జిగ తెచ్చిచ్చింది. ఆ అమ్మాయి మొహం కళకళలాడుతోంది.

“మీ అమ్మగారు వచ్చారన్నమాట. నిశ్చింత,” అన్నాను.

“లేదండీ. రానక్కర్లేదని కబురు పంపాను,” అంది. “తోడుంది కదా.”

గ్లాసు నా నోటిదాకా వెళ్ళలేదు. పున్నారావు వేళ్ళు నా చేతిలోకి దిగిపోతున్నాయి. వాడు నేలకేసి చూస్తున్నాడు. రోకటి పోటు పడుతూనే ఉంది.

భాగ్యవతి లోపలికి తిరిగి, ఇంటి మనిషితో అన్నట్టే మామూలుగా అంది:

“చాల్లే, ఇక ఆపు. అలిసిపోతావు.”

రోకలి ఆగింది.

తర్వాత, చాలా నెమ్మదిగా, గోడ పట్టుకుని ఆయాసపడుతూ ఎవరో నేల మీద కూర్చున్న చప్పుడు.